ఎర్రముక్కు రొయ్య పిల్లలు ఐదో రోజుకే ఎందుకు పోతున్నాయి?

వేళచ్చేరి వాసు | 12 ఆగస్టు 2023

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా ఇక్కడి పాత చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. సొంతూరు గూడూరు. ఉండేది చెన్నై వేళచ్చేరిలో, మూడో అంతస్తు. హాల్లో రెండడుగుల ట్యాంకు ఉంది.

మార్చిలో కొళత్తూరులో 20 ఎర్రముక్కు రొయ్యలు కొన్నాను. షాపుల్లో రెడ్ నోస్ అంటారు, శాస్త్రీయ నామం కారిడినా గ్రాసిలిరోస్ట్రిస్. అమ్మినాయన "మంచినీళ్లలో వేసుకోండి, ఏం కాదు" అన్నాడు. రెండు వారాల్లో 9 పోయాయి. ఇక్కడ ఎవరో రాసింది చదివి, వారం రోజులపాటు కొంచెం కొంచెంగా ఉప్పు పెంచుతూ 5 పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో 5 పాళ్ల ఉప్పు) దగ్గర ఆపాను. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. మిగిలిన 11 నీటి మధ్యలో గుంపుగా నిలబడి ఈదుతుంటే ఆఫీసు నుంచి వచ్చినవాణ్ణి చెప్పులు కూడా విప్పకుండా చూస్తూ ఉండిపోతాను. గాజులాంటి ఒళ్లు, సూదిలాంటి ఎర్రటి ముక్కు. చెర్రీ రొయ్యల్లా నేల పట్టుకుని తిరిగేవి కావు ఇవి.

జూన్ నుంచి ఆడవి గుడ్లు మోస్తున్నాయి. రెండుసార్లు పిల్లలు వచ్చాయి, రెండుసార్లూ ఐదు రోజుల్లో మొత్తం పోయాయి. నేను చేసింది ఇది: గుడ్ల తల్లిని 10 లీటర్ల తొట్టిలో విడిగా పెట్టాను. రాత్రి పిల్లల్ని విడిచింది. టార్చి వేస్తే దుమ్ములాగా వెలుతురు వైపుకి చేరాయి. సన్న గాలి పైపుతో లాగి, మెరైన్ సాల్ట్ కలిపిన 15 పీపీటీ నీళ్లలోకి మార్చాను. మేతకి మేడ మీద టబ్బులో పెంచిన పచ్చనీళ్లు (కంటికి కనపడనంత సన్నటి పాచి పెరిగిన నీళ్లు) రోజుకో గ్లాసు పోశాను. నీటి వేడి 29 డిగ్రీలు. మొదటిరోజు వందల్లో ఉన్నాయి. మూడోరోజుకి సగం. ఐదోరోజు పొద్దున టార్చి వేస్తే ఒక్కటీ వెలుతురులోకి రాలేదు.

ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా? ఇంకో ఆడ రొయ్య గుడ్లతో ఉంది. గుడ్లలో చిన్న నల్ల కళ్లు కనపడుతున్నాయి. టైం ఎక్కువ లేదు. దయచేసి చెప్పండి.

---

కొళత్తూర్ హరి | 12 ఆగస్టు 2023

వాసు అన్నా, ముందు అవి రెడ్ నోసేనా అని ఒకసారి చూసుకో. మా ఏరియా షాపుల్లో గాజు రొయ్య అని ఒకే తొట్టిలో మూడు నాలుగు రకాలు కలిపి పెడతారు. ముందు కాళ్లు రెండు పొడుగ్గా, చివర గోళ్లతో ఉంటే అది మాక్రోబ్రాకియం పిల్ల. పెద్దయ్యాక రాత్రిపూట మిగతావాటిని తినేస్తుంది. నాకు అలాగే 8 పోయాయి.

---

వేళచ్చేరి వాసు | 12 ఆగస్టు 2023

పొడుగు కాళ్లు లేవు హరీ. ముక్కు ఎర్రగా పైకి వంగి ఉంది. ఒంటి పక్కన సన్నటి ఎర్ర గీత కూడా ఉంది.

---

లత నంగనల్లూరు | 13 ఆగస్టు 2023

వాసు గారూ, నేను కెమిస్ట్రీ టీచర్‌ని. రొయ్యల గురించి తెలిసింది తక్కువ, నీళ్ల గురించి చెప్పగలను.

15 పీపీటీ అంటున్నారు, దేంతో కొలిచారు? ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ అయితే ముల్లుకి గాలి బుడగ ఒక్కటి అంటుకున్నా లెక్క తప్పుతుంది. 15 పీపీటీకి స్పెసిఫిక్ గ్రావిటీ సుమారు 1.011 చూపించాలి. రిఫ్రాక్టోమీటర్ అయితే ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా దగ్గర నిలబెట్టుకోవాలి.

ఇంకో మాట, మీకోసం కాకపోయినా చదివే మిగతావాళ్లకోసం. వంటింటి ఉప్పు, రాళ్ల ఉప్పు వేసి "సెలైనిటీ సరిపోయింది" అనుకోవద్దు. చాలామంది తప్పు అయోడిన్‌ది అనుకుంటారు, అసలు సంగతి అది కాదు. సముద్రపు నీటిలోని లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిపి 85 శాతం చిల్లర. మిగతాది మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం వగైరా. సముద్రపు నీళ్లు లీటరుకి మెగ్నీషియం దాదాపు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం 400 ఉంటుంది. రొయ్య కుబుసం విడిచిన ప్రతిసారీ కొత్త పెంకు గట్టిపడడానికి ఇవి కావాలి. ఉత్త సోడియం క్లోరైడ్ నీళ్లలో మీటరు సరిగ్గానే చూపిస్తుంది, రొయ్య మాత్రం చచ్చిపోతుంది.

---

వేళచ్చేరి వాసు | 13 ఆగస్టు 2023

రిఫ్రాక్టోమీటరే మేడమ్. మీరు చెప్పినట్టు ఇప్పుడే సున్నా చూశాను, సరిగ్గానే ఉంది. నీళ్లు 15 మీదే ఉన్నాయి.

---

సుధ మల్లేశ్వరం | 13 ఆగస్టు 2023

వాసు, నేను బెంగళూరులో అమానో రొయ్యల పిల్లల్ని రెండేళ్లుగా పెంచుతున్నాను. కారిడినా మల్టిడెంటాటా. 2006 దాకా వీటిని కారిడినా జపోనికా అని రాసేవారు కాబట్టి పాత రాతల్లో ఆ పేరుతో కనపడతాయి. మీ ఎర్రముక్కుల సంగతీ వీటిలాంటిదే. చెర్రీ రొయ్య పాతిక ముప్పై పెద్ద గుడ్లు పెడుతుంది, అందులోంచి బుల్లి రొయ్యలే నేరుగా బయటికి వస్తాయి. అమానో, ఎర్రముక్కు అలా కావు. వందల్లో, అమానో అయితే వేలల్లో సన్నటి గుడ్లు. వాటిలోంచి వచ్చేది రొయ్య కాదు, జోయా. తలకిందులుగా వేలాడుతూ నీటిలో కొట్టుకుపోయే ప్రాణి. అడవిలో అయితే వాగు దాన్ని ఉప్పునీటికి మోసుకుపోతుంది, అక్కడ పెరిగి రొయ్య రూపం వచ్చాక తిరిగి పైకి వస్తుంది.

నా మొదటి విడత మొత్తం పోయింది. రెండో విడతలో 6 మిగిలాయి. ఆ రోజు నేను ఏడ్చాను, నిజంగా. నేను అమానోకి 33 పీపీటీ వాడతాను. మీ వాటికి అంత అక్కర్లేదు, 15 బాగుంటుంది. మీ తప్పు ఉప్పులో లేదని నా అనుమానం. మీరు మేత అన్న పచ్చనీళ్ల గురించి ఇంకాస్త వివరంగా రాయండి.

---

ఉప్పుటేరు | 13 ఆగస్టు 2023

వాసు గారూ, నమస్తే అండి. మాది భీమవరం దగ్గర. 26 ఏళ్లుగా రొయ్య హేచరీల్లో పని. ఇప్పుడు మరక్కాణం వైపు ఉంటున్నాను.

సుధమ్మ సరైన చోట వేలు పెట్టింది. ఒకే ప్రశ్న అండి: ఆ మేడ మీద టబ్బులో నీళ్లు మంచినీళ్లా, ఉప్పునీళ్లా?

---

వేళచ్చేరి వాసు | 13 ఆగస్టు 2023

మంచినీళ్లేనండి. ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లు ఎండలో పెట్టాను, పది రోజుల్లో చిక్కగా పచ్చబడ్డాయి.

---

ఉప్పుటేరు | 13 ఆగస్టు 2023

అదేనండి. ఉప్పు బాగానే ఉంది, మీ పిల్లలు ఆకలితో పోయాయి.

మంచినీటిలో పుట్టిన పాచి 15 పీపీటీలో పడగానే దెబ్బతింటుంది. ఒక రోజు పచ్చగానే కనపడుతుంది, తర్వాత చచ్చి అడుగుకి దిగుతుంది. మీ జోయా నీటి మధ్యలో వేలాడే ప్రాణి, అడుగుకి పోయి ఏరుకు తినలేదు. పైన మేత లేదు, కింద కుళ్లు పేరుకుంటోంది, దాంతో అమ్మోనియా. గుడ్డులోంచి తెచ్చుకున్న సొన ఒకటి రెండు రోజులు వస్తుంది. మూడోరోజు సగం, ఐదోరోజు మొత్తం అన్నారు చూడండి, ఆ లెక్క చూడగానే నాకు అర్థమైంది. ఉప్పు దెబ్బ అయితే మొదటి రోజే పోయేవండి.

దీన్ని కంటితో చూసుకోవచ్చు. పిల్లని ఒక చుక్క నీటితో గాజు పలక మీద వేసి, ఫోనుకి మాక్రో లెన్స్ పెట్టి చూడండి. ఒళ్లు పారదర్శకం కాబట్టి పేగు గీతలాగా కనపడుతుంది. మేత తిన్న పిల్లకి ఆ గీత పచ్చగానో గోధుమ రంగులోనో నిండుగా ఉంటుంది. ఖాళీగా ఉందంటే అది పస్తు. హేచరీలో పొద్దున్నే బీకరు ఎత్తి లైటుకి పెట్టేది ఇందుకే. జోయా దశలో తోకవెనక దారంలాగా మలం వేలాడుతూ కనపడితే ఆ రోజు మాకు టెన్షన్ ఉండదు.

కావలసింది ఉప్పునీటి పాచి అండి. మా దగ్గర కీటోసెరాస్ ఉంది, గోధుమ రంగులో ఉంటుంది. పచ్చగా ఉన్నదే మేత అనుకోకండి. నానోక్లోరాప్సిస్ అయితే 2, 3 మైక్రాన్లే, బాగా సన్నం. టెట్రాసెల్మిస్ 10 మైక్రాన్లకి పైమాటే, తనంతట తాను ఈదుతుంది కాబట్టి త్వరగా అడుగుకి దిగదు. రెండు రకాలు కలిపి ఇస్తే మంచిది. ఆదివారం నేను చెన్నై వస్తున్నాను, తిరువాన్మియూరులో పని ఉంది. టెట్రాసెల్మిస్, కీటోసెరాస్ రెండు సీసాలు తెస్తాను. డబ్బులేం వద్దు.

---

వేళచ్చేరి వాసు | 13 ఆగస్టు 2023

బాబాయ్ గారూ, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నేను రోజూ గ్లాసుడు పోసి "తింటున్నాయి" అనుకున్నాను. రెండు విడతలు నా చేతుల్లోనే పస్తులతో పోయాయంటే మనసు అదోలా ఉంది. ఆదివారం తిరువాన్మియూరు బస్టాండుకి నేనే వస్తాను.

---

సుధ మల్లేశ్వరం | 14 ఆగస్టు 2023

బాధపడకండి వాసు. నేను కూడా మొదట ఈస్ట్ కలిపి పోశాను. ఒక్క రాత్రిలో నీళ్లు పాలలాగా అయిపోయాయి.

సీసాలు వచ్చాక పెంచడం గురించి: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు తీసుకోండి. ఉప్పునీళ్లు, ఎఫ్/2 మీడియం (పాచికి వేసే పోషక ద్రావణం) చుక్కలు, మూతలోంచి గాలి పైపు, పక్కన తెల్ల ఎల్ఈడీ ట్యూబు. కీటోసెరాస్‌కి సిలికేట్ కూడా కావాలి, దాని పెంకు దాంతోనే తయారవుతుంది. ఐదారు రోజులకి చిక్కబడగానే సగం మేతకి తీసి, సగానికి కొత్త నీళ్లు పోయండి. ఒకే సీసా మీద ఎప్పుడూ ఆధారపడొద్దు. సీసా ఒక రోజు హఠాత్తుగా తెల్లబడిపోతుంది, కారణం కూడా చెప్పదు.

---

ఉప్పుటేరు | 14 ఆగస్టు 2023

సుధమ్మ చెప్పినవన్నీ రైటండి. ఒకటి కలుపుతాను. వారం తర్వాత కాస్త ఆర్టీమియా (మేతకి వాడే ఉప్పునీటి చిన్న జీవి) కూడా పొదిగించి ఇవ్వండి, పిల్ల త్వరగా దిగుతుంది, అంటే రొయ్య రూపానికి వస్తుంది. స్కాంపీకి, అదే మన గోదావరి మంచినీటి రొయ్యకి, 12 పీపీటీలో ఆర్టీమియా మీదే 11 జోయా దశలూ దాటిస్తాం.

---

సుధ మల్లేశ్వరం | 14 ఆగస్టు 2023

ఉప్పుటేరు గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. నేను ప్రయత్నించాను. కారిడినా జోయా నోటికి ఆర్టీమియా పిల్ల చాలా పెద్దది, అర మిల్లీమీటరుకి దగ్గరగా ఉంటుంది. ఒక్కటీ తినలేదు. పైగా ఆర్టీమియా పెరిగి, నేను పోసిన పాచినంతా అదే తినేసింది. స్కాంపీ పిల్ల వేట పిల్ల, ఇవి వడకట్టుకుని తినేవి.

---

ఉప్పుటేరు | 15 ఆగస్టు 2023

నిజమేనమ్మా. రాత్రి ఆలోచించాను. నేను స్కాంపీ కళ్లతో చూశాను. చెరువుల్లో పెంచే వెనామీ, టైగర్ రొయ్యలైతే ఇంకా వేరు. అవి గుడ్లు నీళ్లలోకే వదిలేస్తాయి, పొట్ట కింద మోయవు. నౌప్లియస్‌గా పుట్టి, తర్వాత జోయా, మైసిస్ దశలు దాటి పీఎల్ (పోస్ట్ లార్వా, రొయ్య రూపం వచ్చిన పిల్ల) అవుతాయి. ఈ చిన్న రొయ్య ఆ మొదటి దశ గుడ్డులోనే గడిపేసి నేరుగా జోయాగా వస్తుంది. ఆర్టీమియా వద్దు వాసు గారూ. పాచి ఒక్కటే. మరీ కావాలంటే స్పైరులినా పొడి సన్నటి గుడ్డలోంచి పిండి, చిటికెలో పదోవంతు.

---

తడ శీను | 15 ఆగస్టు 2023

అన్నలూ, మాది తడ. సముద్రపు నీళ్లు ఎక్కడ పట్టాలో ఎవరైనా అడుగుతారని చూస్తున్నా. మెరైన్ సాల్ట్ ధర అందరి వల్లా కాదు కదా. కూవం, అడయారు మొగల దగ్గర అస్సలు పట్టొద్దు. కోవళం వైపు పోయి, మొగకి దూరంగా, అలలు దాటి లోపలికి వెళ్లే పడవవాళ్లనడిగితే క్యాను నింపి ఇస్తారు. మూడు పాళ్లు సముద్రపు నీళ్లకి నాలుగు పాళ్లు మంచినీళ్లు కలిపితే 15 దగ్గరికి వస్తుంది. నవంబరు, డిసెంబరు వానల్లో తీరం దగ్గర ఉప్పు తగ్గిపోతుంది, అప్పుడు ఈ లెక్క పనికిరాదు, కొలుచుకోవాల్సిందే.

మా పులికాట్‌లో ఇంకా తేడా. అరణి, కాళంగి, స్వర్ణముఖి నీళ్లు వచ్చినప్పుడు కొన్నిచోట్ల దాదాపు మంచినీళ్లే. ఎండాకాలం మొగ పూడిపోతే సముద్రం కంటే ఎక్కువ ఉప్పు. గడ్డి మొదళ్లలో ఉండే చిట్టి రొయ్యలు ఈ రెండిటికీ తట్టుకుంటాయి. అవి చూసే నాకు ఈ పిచ్చి పట్టింది.

---

కొళత్తూర్ హరి | 15 ఆగస్టు 2023

శీను అన్నా, అయితే ఒక రోజు మీ ఊరొచ్చి పట్టుకోవచ్చా? షాపులో కొనడం కంటే అదే మేలు కదా.

---

తడ శీను | 15 ఆగస్టు 2023

హరీ, నువ్వు రా, అన్నం పెట్టి సరస్సంతా చూపిస్తా. పట్టడం మాత్రం వద్దు తమ్ముడూ. అది పక్షుల అభయారణ్యం, చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచు. ఆ చిట్టి రొయ్యలే మా వలలో పడే చేపలకి తిండి, కొంగలకి తిండి.

---

ఉప్పుటేరు | 15 ఆగస్టు 2023

శీను మాటకి నా మాట కూడా. అడవి రొయ్యలతో తెల్లమచ్చ వైరస్ రావచ్చండి. చూడ్డానికి ఆరోగ్యంగా ఉండే పీతలు, చిన్న రొయ్యలు కూడా దాన్ని మోస్తాయి. 1994–95లో నెల్లూరు జిల్లా చెరువులు ఎలా ఖాళీ అయ్యాయో నేను కుర్రాడిగా చూశాను. వారంలో చెరువు చెరువంతా ఎర్రబడి ఒడ్డుకి చేరేది. అప్పు చేసి వేసినవాళ్లు గట్టు మీద కూర్చుని ఉండేవారు, ఒకరితో ఒకరు మాట్లాడేవారు కాదు.

అందుకే ఇంకోటి: మీ ట్యాంకు నీళ్లు, రొయ్యలు ఎన్నటికీ కాలువలోగాని, సముద్రంలోగాని వదలొద్దు. బ్లీచింగ్ కలిపి, ఒక రోజు ఉంచి డ్రైనేజీలో పోయండి.

---

వేళచ్చేరి వాసు | 29 ఆగస్టు 2023

మూడో విడత, 9వ రోజు. ఇంకా ఉన్నాయి!

20న రాత్రి విడిచింది. ఈసారి పిల్లల్ని మార్చకముందే తొట్టిలో పాచి పోసి ఉంచాను. ఎంత పోయాలో తెలియక, తొట్టి వెనక పేపరు అంటించాను. పెద్ద అక్షరాలు కనపడాలి, చిన్నవి కనపడకూడదు. ఆ రంగు తగ్గినప్పుడల్లా కలుపుతున్నాను. రాత్రి కూడా చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. అడుగున పేరుకున్నది రెండు రోజులకోసారి సన్న పైపుతో తీసి, అదే ఉప్పున్న నీళ్లు పోస్తున్నాను. గాలి, సెకనుకి ఒక బుడగ.

రెండోరోజే ఫోను లెన్స్‌తో చూశాను. పేగు గీత గోధుమ రంగులో, నిండుగా ఉంది! మా ఆవిణ్ణి నిద్రలేపి చూపించాను. నిన్న లెక్కిస్తే, వెలుతురు మూలలో 70 దాకా ఉన్నాయి. మొదట 200 పైన ఉండేవి.

---

లత నంగనల్లూరు | 29 ఆగస్టు 2023

చాలా సంతోషం వాసు గారూ. ఒక్క విషయం: తొట్టి పక్కకి టేబుల్ ఫ్యాన్ గాలి వస్తోందా? నీళ్లు ఆవిరైతే నీళ్లే పోతాయి, ఉప్పు పోదు. మట్టం గుర్తుగా గాజుకి టేపు అంటించి, తగ్గినంత మంచినీళ్లే పోయండి. ఉప్పునీళ్లు పోస్తే వారంలో 15 కాస్తా 18 అవుతుంది. పోసే నీళ్లలో క్లోరిన్ ఉంటే హైపో పలుకు, అదే సోడియం థయోసల్ఫేట్, వేయడం మరవకండి.

---

సుధ మల్లేశ్వరం | 29 ఆగస్టు 2023

దోమల లిక్విడ్ మెషీన్ ఆ గదిలో ఉంటే ఇప్పుడే తీసేయండి. అందులో ఉండేది పైరెత్రాయిడ్ జాతి మందు, రొయ్యలకి విషం. గాలి పంపు ఆ గదిలో గాలినే లాగి నీటిలోకి కొడుతుంది. వీధిలో పొగ కొట్టే రోజు కూడా కిటికీలు మూసి, పంపుని లోపలి గదికి మార్చండి.

---

వేళచ్చేరి వాసు | 29 ఆగస్టు 2023

హాల్లోనే ఉందక్కా! తీసేశాను. దోమతెర కొంటాం.

---

చిన్ని హెచ్ఎస్ఆర్ | 3 సెప్టెంబరు 2023

హాయ్ అందరికీ, బెంగళూరు నుంచి. చర్చ మొత్తం ఒక్క రాత్రిలో చదివేశాను. నాకు చిన్న ప్రశ్న. సీలు వేసిన గాజు బంతిలో ఎర్రటి చిన్న రొయ్యలు ఉంటాయి కదా, మేత కూడా వేయక్కర్లేదంటారు. అవి కూడా బ్రాకిష్, అంటే ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసిన నీటి రొయ్యలేనా? వాటిని పెంచడం వీటికంటే తేలికా?

---

సుధ మల్లేశ్వరం | 3 సెప్టెంబరు 2023

చిన్నీ, అవి ఓపే ఉలా. హాలోకారిడినా రుబ్రా. హవాయి దీవుల్లో సముద్రానికి దగ్గరగా, లావా రాళ్ల మధ్య గుంటలుంటాయి. పైన సముద్రంతో సంబంధం ఉండదు, అడుగున రాళ్ల సందుల్లోంచి ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలుస్తాయి. అక్కడి ప్రాణులు. సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు. పదేళ్లకు పైగా బతుకుతాయి. రాళ్ల మీది పాచి, బాక్టీరియా పొర గీరుకు తింటాయి.

పిల్లల విషయంలో అవి నిజంగానే తేలిక. వాటి పిల్ల తన సొనతోనే రొయ్య రూపందాకా నెట్టుకొస్తుంది, వాసు పడుతున్న పాచి కష్టం ఉండదు. గాజు బంతి మాత్రం వద్దమ్మా. వాటికి పస్తులకి తట్టుకునే శక్తి ఉంది కాబట్టి సంవత్సరాలు బతికి ఉంటాయి. బతికి ఉండడం వేరు, బాగుండడం వేరు. అందులో పిల్లలు పెట్టవు. వాటికి మూత తెరిచే తొట్టి, రాళ్లు, వెలుతురు ఇచ్చి చూడు.

---

ఉప్పుటేరు | 4 సెప్టెంబరు 2023

చిన్నమ్మా, ఎవరైనా విదేశం నుంచి సంచిలో తెస్తామంటే కొనొద్దు. బతికున్న జలచరాలు తేవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. వెనామీ తల్లి రొయ్యలు కూడా మన దేశంలోకి వస్తే ముందు ఇక్కడ నీలాంగరైలో క్వారంటైన్‌లో ఉండి, పరీక్షలు దాటాకే మా హేచరీలకి చేరతాయి.

---

వేళచ్చేరి వాసు | 12 సెప్టెంబరు 2023

23వ రోజు. పొద్దున టార్చి వేస్తే ఒక పిల్ల వెలుతురు దగ్గరికి రాలేదు. చచ్చిందనుకున్నాను. గాజుకి పట్టుకుని ఉంది! తలపైకి, కాళ్లతో గాజు పట్టుకుని, రొయ్యలాగా! ముక్కు కూడా ఉంది, ఇంకా రంగు రాలేదు. ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది. సాయంత్రానికి ఇంకో రెండు.

నేను ఫోటో పెట్టాలని చూశాను, చేయి వణికి ఏదీ సరిగ్గా రాలేదు.

---

ఉప్పుటేరు | 12 సెప్టెంబరు 2023

పీఎల్ దిగిందండి! నా 26 ఏళ్లలో లక్షల్లో లెక్కపెట్టి లారీలకెక్కించాను. మీ మూడింటికి నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

తొందరపడి తీయొద్దు. అన్నీ దిగేదాకా ఆగి, తర్వాత చుక్కలు చుక్కలుగా నీళ్లు కలుపుతూ రెండు రోజుల్లో 15 నుంచి 5కి దించండి. నడిచే పిల్లకి ఇప్పుడు గీరుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. పాచి పట్టిన రాయి ఒకటి, ఎండిన బాదం ఆకు ఒకటి వేయండి.

---

వేళచ్చేరి వాసు | 24 సెప్టెంబరు 2023

చివరి లెక్క 17. దించేటప్పుడు ఒకటి పోయింది. 16 ఇప్పుడు 5 పీపీటీలో, పెద్దవాటి ట్యాంకులోనే వల గదిలో ఉన్నాయి.

---

వేళచ్చేరి వాసు | 9 డిసెంబరు 2023

ఇన్నాళ్లు రాయలేకపోయాను. 4న మిగ్‌జాం తుఫాను వానకి మా వీధి మొత్తం మునిగింది. మేం మూడో అంతస్తు కాబట్టి ఇంట్లోకి రాలేదు. కరెంటు మాత్రం మూడు రోజులు లేదు.

బ్యాటరీ పంపు ఒకటి ఉంది, అది పెద్ద ట్యాంకుకి పెట్టాను. కొత్త విడత పిల్లలు, 11 రోజులవి, చిన్న తొట్టిలో ఉన్నాయి. పాచి సీసాలకి లైటు లేదు, గాలి లేదు. మా ఆవిడ, నేను వంతులవారీగా గంటకోసారి స్పూనుతో నీళ్లు తీసి పైనుంచి పోశాం. రెండో రాత్రి సీసాలు తెల్లబడ్డాయి. మూడోరోజుకి పిల్లలు అన్నీ పోయాయి. పెద్దవాటిలో 11కి 10, సెప్టెంబరు పిల్లల్లో 16కి 16 ఉన్నాయి.

కింద ఇళ్లవాళ్లు సామాన్లన్నీ పోగొట్టుకున్నారు. పడవల్లో జనాన్ని తీసుకెళ్లారు. అలాంటి చోట రొయ్యల గురించి రాయాలంటే మొహమాటంగా ఉంది. మీరు అడిగారు కాబట్టి రాశాను.

---

తడ శీను | 9 డిసెంబరు 2023

అన్నా, మీరు క్షేమం కదా, అది చాలు. మాకు ఇక్కడ చెట్లు పడ్డాయి, మనుషులకేం కాలేదు. ఒక మాట అందరికీ: వరదకి ఎన్నూరు వాగులో నూనె తేలింది. మా బంధువులు చేతులతో తోడుతున్నారు, వలలు, పడవలు నల్లబడిపోయాయి. ఉత్తరం వైపు సముద్రపు నీళ్లు ఎవరూ పట్టొద్దు.

---

సుధ మల్లేశ్వరం | 10 డిసెంబరు 2023

వాసు, 11 రోజుల పిల్లల్ని పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాచి కోసం ఇకమీదట ఒక సీసా ఫ్రిజ్ డోర్‌లో, ఒక సీసా వేరే ఇంట్లో ఉంచండి. చిక్కటి టెట్రాసెల్మిస్ చల్లగా, మసక వెలుతురులో రెండు మూడు వారాలు నాకు ఆగింది, రోజుకోసారి ఊపాలి. మీ దగ్గర పోయింది కాబట్టి నా దగ్గరిది పంపుతాను. మీరు నాకు సెప్టెంబరులో ఇచ్చిందే అది.

---

కొళత్తూర్ హరి | 10 డిసెంబరు 2023

నా దగ్గర కూడా రెండు సీసాలున్నాయి అన్నా. నీళ్లు తగ్గాయి కదా, రేపు బండి మీద తెచ్చిస్తా. బెంగళూరు నుంచి రావాల్సిన పనిలేదు.

---

వేళచ్చేరి వాసు | 18 ఫిబ్రవరి 2024

సెప్టెంబరు పిల్లల్లో ఒకటి గుడ్లతో ఉంది. మా ఇంట్లో పుట్టినది. తల్లికంటే కొంచెం చిన్నది, ముక్కు మాత్రం ఇంకా ఎర్రగా ఉంది.

గుడ్లు ఇంకా ముదురు ఆకుపచ్చగానే ఉన్నాయి, కళ్లు రాలేదు. హరి ఇచ్చిన టెట్రాసెల్మిస్ ఇప్పుడు ఆరు సీసాలైంది. రెండు కింద మొదటి అంతస్తు మామిగారి ఇంట్లో, ఇన్వర్టర్ ఉన్న గదిలో పెట్టాను. ఆవిడ రోజూ పొద్దున కాఫీ పెట్టేటప్పుడు ఊపుతున్నారు. బాబాయ్ గారూ, కీటోసెరాస్ ఒక్క సీసా కావాలి. ఈసారి మరక్కాణానికి నేనే వస్తాను, ఏ రోజు మీకు వీలో చెప్పండి.

---

ఉప్పుటేరు | 18 ఫిబ్రవరి 2024

బుధవారం రండి, పొద్దున 7 లోపు. బీకరు లైటుకి ఎత్తే వేళకి వస్తే మా జోయా కూడా చూద్దురుగాని. భోజనం చేసి వెళ్లాలి.